దండారీ లోపల ఫారం నింపండి

(ఏజెన్సీ డిగ్రీ విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగారని రాసి పెడుతున్నాను.)



ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది బీఎస్సీ వాళ్లే. బీజెడ్‌సీ వాళ్లున్నారు, ఎంపీసీ వాళ్లున్నారు, ఎంపీసీఎస్ వాళ్లు కూడా కొందరున్నారు. నాకు ఇచ్చిన అంశం "డిగ్రీ తర్వాత ఏమిటి". ఈ ప్రశ్నను మనం అడగాల్సిన టైమ్‌లో అడగట్లేదు. మూడో ఏడు పరీక్షలు రాసి, సామాన్లు సర్దుకుని, హాస్టల్ ఖాళీ చేసే రోజు అడుగుతున్నాం. అప్పటికి సగం తలుపులు మూసేసి ఉంటాయి. అందుకే ముందే చెప్పేస్తున్నాను. సైన్స్‌లో పీజీకి దారి ఐదో సెమిస్టర్‌లో మొదలైతది. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, మిగతావన్నీ దాని వివరాలే.

అసలు పీజీ ఎందుకు అని కొందరికి అనిపించొచ్చు. "బీఎస్సీ అయింది, బీఈడీ చేసి టీచర్ అయితే సరిపోదా అన్నా" అంటారు. టీచర్ కావడం మంచిదే, మనకు టీచర్లు కావాలి. కానీ 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ ఆదివాసులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ హక్కు కోసం పోరాటం ఆగలేదు, ఆగదు. అయితే ఆ తీర్పు వచ్చాక మన ఊరి బడిలో పోస్టు మనకే అన్న భరోసా లేకుండా పోయింది. కాబట్టి మన దారులు పెరగాలి. ఒక్క బీఈడీ దగ్గరే అందరం క్యూ కడితే కుదరదు.

ఇంకో కారణం కూడా ఉంది. నాకు అదే పెద్ద కారణం అనిపిస్తది. మన ఒంట్లో రక్తం గురించి, మన అడవి గురించి, మన కొండల గురించి నిర్ణయాలు ఇప్పుడు ల్యాబుల్లో, మ్యాపుల మీద, రిపోర్టుల్లో జరుగుతున్నాయి. అక్కడ మనవాళ్లు లేరు.

బీజెడ్‌సీ వాళ్లు చెప్పండి. జెనెటిక్స్‌లో సికిల్ సెల్ ఎనీమియా చదివారు కదా. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వస్తది. ఒక్క అక్షరం మారితే ఎర్ర రక్తకణం కొడవలి ఆకారంలోకి తిరుగుతది. ఇది మీకు ఐదు మార్కుల ప్రశ్న. మన గూడేల్లో మాత్రం ఇది కీళ్ల నొప్పులతో ఏడ్చే పిల్లాడు. 2023 జులై 1న కేంద్రం దీనిమీద జాతీయ మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 కల్లా జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్ష చేసి చేతిలో ఒక కార్డు పెడతారు. ఆ కార్డు మీద ఏం రాసుందో గోండిలో, కొలామీలో, కోయ మాటలో చెప్పేవాళ్లు ఎవరు?

భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. చాలామంది దీన్ని ఎట్లా అర్థం చేసుకుంటారంటే, మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదు అనుకుంటారు. అది తప్పు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే మొదలైతది. మెండెల్ నియమం చదివిన మీకు ఇది తెలుసు. క్యారియర్ అంటే రోగి కాదని, ఆ అమ్మాయికి పెళ్లి సంబంధం తప్పించాల్సిన పని లేదని, పెళ్లికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే చాలని కూడా మీరు చెప్పగలరు. బయటినుంచి వచ్చిన డాక్టర్ దుబాసీని పెట్టుకుని చెప్పే మాట వేరు, మన అవ్వ పక్కన కూర్చుని మన మాటలో మీరు చెప్పే మాట వేరు.

ఎంపీసీ వాళ్లు, మీ సంగతికి వస్తాను. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న పోడుకే హక్కు. ఆ రోజు అక్కడ చేను ఉందా, చెట్లున్నాయా అని ఇప్పుడు ఉపగ్రహ చిత్రం చూసి తేలుస్తామంటారు. చిత్రంలో కనిపించలేదు కాబట్టి దరఖాస్తు తిరస్కరించాం అంటారు. నిజానికి 2012లో సవరించిన నియమాల ప్రకారం ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా మాత్రమే పనికొస్తది, వాటికి బదులు కాదు. ఈ మాట గ్రామసభలో చెప్పాలంటే చట్టం తెలియాలి. ఆ చిత్రంలో ఒక్కో గడి నేల మీద ఎన్ని మీటర్లు, చెట్ల మధ్య వేసిన జొన్న చేను అందులో ఎందుకు కనపడదు అని అధికారిని అడగాలంటే ఫిజిక్స్, రిమోట్ సెన్సింగ్ తెలియాలి. రెండూ తెలిసిన మనిషి మనలో ఉండాలి.

విశాఖ మన్యం వైపు బాక్సైట్ కొండలున్నాయి. ఖోండలైట్ రాయి మీద లక్షల ఏళ్ల వానకు తయారైన ఖనిజం అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మనకు అండ. కానీ ప్రతి కొత్త ప్రాజెక్టుకూ పర్యావరణ ప్రభావ నివేదిక ఒకటి వస్తది. వందల పేజీలు, ఇంగ్లిష్‌లో. కొండ తవ్వితే ఊట ఎండుతదని మన పెద్దలు చెప్తే అది వాళ్ల నమ్మకం అంటారు. అదే మాట ఊట కొలతలు ఏళ్ల తరబడి రాసి పెట్టి చూపిస్తే డేటా అంటారు. ఆ కొలతలు తీసే జియాలజీ, కెమిస్ట్రీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ వాళ్లు మనకు కావాలి.

ఇక చదువు సంగతి.

మీలో చాలామంది ఇంట్లో గోండి లేదా కోయ మాట్లాడారు, ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం చదివారు, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిష్ పుస్తకం చేతికొచ్చింది. ఆంధ్రలో 2021 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియమే చేశారు. మొదటి సెమిస్టర్‌లో ఫెయిలైనవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లకు సబ్జెక్ట్ రాక కాదు, ప్రశ్న అర్థం కాక. "డిస్కస్" అంటే ఏం రాయాలో, "డిస్టింగ్విష్" అంటే ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు.

దీనికి నేను చూసినవాటిలో పని చేసిన పద్ధతి ఒకటి చెప్తాను. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పేజీకి మూడు గీతలు కొట్టండి. మొదటి దాంట్లో ఇంగ్లిష్ పదం, రెండో దాంట్లో ఇంటర్‌లో తెలుగు అకాడమీ పుస్తకంలో చదివిన పదం, మూడో దాంట్లో మీ ఇంటి భాషలో దాని అర్థం. ఫొటోసింథసిస్, కిరణజన్య సంయోగక్రియ, ఆ పక్కన మీ మాటలో ఒక వాక్యం. రోజుకు పది పదాలు చాలు. ఒక సెమిస్టర్‌లో వెయ్యి పదాలు దాటుతాయి. బాటనీ వాళ్లకు ఇది ఇంకా సులువు. మధుకా లాంగిఫోలియా అంటే మన ఇప్ప, డయోస్పైరోస్ మెలనోక్సైలాన్ అంటే మన తునికి. చెట్టు మీకు తెలుసు. పేరు ఒక్కటే కొత్త.

ఇంపార్టెంట్ క్వశ్చన్స్, ఆల్ ఇన్ వన్ గైడ్లు చదివి పాస్ కావచ్చు. చాలామంది అవుతున్నారు కూడా. కానీ గైడు సెమిస్టర్ పరీక్ష గట్టెక్కిస్తది, ఎంట్రన్స్ గట్టెక్కించదు. సెమిస్టర్ పరీక్షలో వ్యాసం రాయాలి. ఎంట్రన్స్‌లో లెక్క చేయాలి, నాలుగు జవాబుల్లో సరైనది ఏరాలి. సిలబస్ మాత్రం అదే. ఐఐటీ జామ్ సిలబస్ తీసి చూడండి, దాదాపు మీ బీఎస్సీ సిలబస్సే. అందుకే రెండు చదువులు అక్కర్లేదు. ఒక యూనిట్ అయిపోయిన రోజే ఆ యూనిట్ మీద జామ్ పాత ప్రశ్నలు పది చేయండి. పాత పేపర్లు జామ్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలకూ డబ్బు కట్టక్కర్లేదు. మన ఊళ్లో సిగ్నల్ లేకపోతే మండల కేంద్రానికి వచ్చినప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని పోండి.

ప్రాక్టికల్స్ గురించి గట్టిగా చెప్పాలి. కొన్ని కాలేజీల్లో టైట్రేషన్ ఒక్కసారి కూడా చేయించకుండా రికార్డు మాత్రం రాయించేస్తారు. మైక్రోస్కోప్ బీరువాలోనే ఉంటది. మీ సీనియర్ రికార్డు చూసి దించేసి మార్కులు తెచ్చుకోవచ్చు. పీజీలో మొదటి వారమే బ్యూరెట్ పట్టుకోమంటారు. అప్పుడు చేయి వణుకుతది. కాబట్టి ల్యాబ్ తెరవమని అడగండి. ఒక్కరు అడిగితే కోపం వస్తది, క్లాసు మొత్తం సంతకాలు పెట్టి అడిగితే తెరుస్తారు. కాలేజీ పేరు చెడగొట్టడానికి కాదు, మన చేతులకు పని రావడానికి.

బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు సిగ్గుపడకండి. కానీ లెక్క రాసుకోండి. ఏ సెమిస్టర్‌లో ఏ పేపర్, సప్లిమెంటరీ ఎప్పుడు, ఫీజు ఎంత. మార్కులు అన్యాయంగా తక్కువ వచ్చాయి అనిపిస్తే రీవాల్యుయేషన్ పెట్టండి, దానికి గడువు కొద్ది రోజులే ఉంటది. ఎంట్రన్స్‌లో ర్యాంక్ వచ్చి, సీటు వచ్చి, రెండో సెమిస్టర్ పేపర్ ఒకటి మిగిలిపోయినందుకు సీటు పోయిన వాళ్లున్నారు. పీజీలో చేరాలంటే గడువు లోపల డిగ్రీ పాసైన కాగితం చూపించాలి. ఏ ర్యాంకూ ఆ కాగితానికి బదులు రాదు.

ఇప్పుడు క్యాలెండర్. ఇంగ్లిష్ నెలలు మనకు గుర్తుండవు, మన పండుగలు గుర్తుంటాయి. అట్లనే చెప్తాను.

మొదటిది, దండారీ లోపల జామ్ ఫారం. సెప్టెంబర్, అక్టోబర్‌లో దరఖాస్తులు తీసుకుంటారు. అప్పుడు మీరు ఐదో సెమిస్టర్‌లో ఉంటారు, ఇంటి దగ్గర పత్తి ఏరే పని మొదలైతది. ఆ హడావుడిలోనే చాలామందికి ఇది తప్పిపోతున్నది. ఆఖరి ఏడు చదువుతున్నవాళ్లూ రాయొచ్చు. ఎస్టీలకు, ఆడపిల్లలకు ఫీజు సగమే. ఏడు పేపర్లున్నాయి: ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథమెటిక్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్, బయోటెక్నాలజీ, జియాలజీ, ఎకనామిక్స్. పరీక్ష ఫిబ్రవరిలో. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి భాగంలో తప్పు జవాబుకు మార్కు కోస్తారు, మిగతా రెండు భాగాల్లో కోయరు. అంటే ఆ రెండు భాగాల్లో ఏదీ ఖాళీగా వదలొద్దు. ఎస్టీలకు అర్హత మార్కు జనరల్ వాళ్లదాంట్లో సగమే ఉంటూ వస్తున్నది. కానీ అర్హత వేరు, సీటు వేరు. సీటుకు ర్యాంక్ కావాలి. ఈ ఒక్క పరీక్షతో ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ తిరుపతి, వరంగల్ ఎన్ఐటీ లాంటి చోట్ల ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి దారి ఉంది.

రెండోది, నాగోబా లోపల సీయూఈటీ పీజీ ఫారం. కేస్లాపూర్ జాతరకు ముందే నింపేయండి. పరీక్ష మార్చిలో, ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఉంటది. సెంట్రల్ యూనివర్సిటీలకు ఇది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీట్లు ఎక్కువగా దీంతోనే నింపుతారు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత.

మూడోది, తునికాకు కోత నుంచి తొలకరి దాకా స్టేట్ ఎంట్రన్స్. తెలంగాణలో సీపీగెట్, ఉస్మానియా నిర్వహిస్తది. వంద ప్రశ్నలు, గంటన్నర టైమ్, తప్పుకు కోత లేదు. ఆంధ్రలో 2021 నుంచి ఏపీ పీజీసెట్. పాడేరు, రంపచోడవరం, సీతంపేట వైపు తమ్ముళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. మీ దగ్గర 2023 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. బాటనీ మేజర్ చేసి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేద్దాం అనుకుంటే అర్హత ఉంటదో లేదో ముందే ఆ నోటిఫికేషన్ చదివి తెలుసుకోండి.

మూడు ఫారాలూ నింపండి. ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకండి. ఫారం నింపే రోజు సర్టిఫికెట్ల కోసం తిరిగితే గడువు అయిపోతది. కేంద్ర పరీక్షలకు ఎస్టీ సర్టిఫికెట్ కేంద్రం చెప్పిన నమూనాలో ఉండాలి, ఇది వేసవిలోనే తీసి పెట్టుకోండి. ఆదాయ సర్టిఫికెట్ ఏటా కొత్తది కావాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కుల సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. మన ఇంటిపేర్లను ఒక్కో ఆఫీసులో ఒక్కోలా రాస్తారు. కుమ్ర, కుమ్రం, కుంరం ముగ్గురు వేరే మనుషులు అయిపోతారు.

డబ్బు సంగతి. పీజీకి కూడా పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నాయి. పేరున్న జాతీయ సంస్థల్లో సీటు వస్తే, కుటుంబ ఆదాయం 6 లక్షల లోపు ఉన్న ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన శాఖ టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది, ఏటా 1000 మందికి. పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఎస్టీల జాతీయ ఫెలోషిప్ ఏటా 750 మందికి. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. విదేశాల్లో చదవడానికి ఎస్టీలకు ఏటా 20 మందికి కేంద్రం డబ్బు ఇస్తది. దేశం మొత్తానికి ఇరవై! ఇది చాలా తక్కువ అని మనం అడగాలి. అడుగుతూనే ఆ ఇరవైలో మన పేరు ఉండేలా చూసుకోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైందని కాలేజీ మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేస్తే ఊరికే తిరిగి రాకండి. చేరేటప్పుడు ఇచ్చిన ఒరిజినల్స్‌ను సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. రాతపూర్వకంగా అడగండి, నకలు మీద ముద్ర వేయించుకోండి, ఐటీడీఏకు ఒక కాపీ ఇవ్వండి, మాకూ చెప్పండి. ఇట్లాంటి పనికే సంఘం ఉన్నది.

చెల్లెళ్లకు ఒక మాట. డిగ్రీ అయిన వేసవిలోనే పెళ్లి మాటలు మొదలవుతాయి. సీటు లేకుండా "ఇంకా చదువుతా" అంటే ఇంట్లో ఒప్పించడం కష్టం. చేతిలో అలాట్‌మెంట్ లెటర్ ఉంటే, హాస్టల్ ఉంది, స్కాలర్‌షిప్ ఉంది అని చూపిస్తే నాన్న కూడా ఆలోచిస్తాడు. అవసరమైతే మేం నలుగురం వచ్చి పటేల్ సమక్షంలో కూర్చుని మాట్లాడతాం. అన్నదమ్ములు కూడా ఈ మాట వినాలి. చెల్లెలి ఫారం గడువు ఉన్న వారంలో పత్తి చేనుకు మీరు వెళ్లండి.

ఇంటి పరిస్థితి వల్ల రెండేళ్లు బయటికి పోలేనివాళ్లూ ఉంటారు. వాళ్లకు చదువు అయిపోయినట్టు కాదు. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఉంది. ఒక ఏడు ఆగి మళ్లీ ఎంట్రన్స్ రాయొచ్చు. జేఆర్ఎఫ్‌కు ఎస్టీలకు వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది.

ఇదంతా మీ మీదే బరువు పెట్టడానికి చెప్పట్లేదు. ప్రభుత్వం చేయాల్సినవి చాలా ఉన్నాయి. తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. సీటు పెరిగితే సరిపోదు, ఆ సీటు దాకా నడిపించే మనిషి కావాలి. 2014 విభజన చట్టంలో మాట ఇచ్చిన గిరిజన యూనివర్సిటీ ములుగులో మొదలవడానికి పదేళ్లు పట్టింది. 2024లో మొదలైనవి ఆర్ట్స్ కోర్సులే. అక్కడ సైన్స్ కోర్సులు, ల్యాబులు రావాలి. ఏజెన్సీ డిగ్రీ కాలేజీల్లో ఖాళీగా ఉన్న సైన్స్ లెక్చరర్ పోస్టులు నింపాలి. ప్రతి ఐటీడీఏలో ఎంట్రన్స్ ఫారాలు నింపడానికి ఒక సెల్ ఉండాలి. హైదరాబాద్, వరంగల్, విశాఖలో పీజీ చదివే మన పిల్లలకు హాస్టల్ సీట్లు పెంచాలి. ఈ నాలుగు డిమాండ్లు రాసి తీసుకొచ్చాను. వెళ్లేటప్పుడు అందరూ సంతకం పెట్టండి.

ప్రభుత్వం ఇచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. ప్రతి హాస్టల్‌లో ఇద్దరు బాధ్యత తీసుకోండి. మూడో ఏడు చదివేవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. పక్కన మూడు గడులు గీయండి: జామ్, సీయూఈటీ, స్టేట్. ఎవరు నింపారో టిక్ పెట్టండి. నింపనివాళ్ల దగ్గరికి పోయి కూర్చుని నింపించండి. ఇప్పటికే పీజీలో ఉన్న అన్నలు, అక్కలు ఒక్కొక్కరు ముగ్గురి నంబర్లు తీసుకోండి, నెలకోసారి ఫోన్ చేయండి. మన దగ్గర ఇల్లు కట్టినా, చేను కోసినా ఊరంతా వస్తది. ఫారం నింపడం కూడా అట్లాంటి పనే అనుకోండి.

కుమ్రం భీమ్ జల్, జంగల్, జమీన్ అన్నాడు. ఆ నీళ్లను పరీక్షించే కెమిస్ట్, ఆ అడవిని లెక్కించే బాటనిస్ట్, ఆ భూమిని మ్యాప్ చేసే జియాలజిస్ట్ ఈ గదిలోనే ఉన్నారు. ఆ కాగితం మీద పేర్లు రాయడం ఈ రాత్రే మొదలుపెట్టండి. దండారీకి ఎక్కువ రోజులు లేవు.

జోహార్ కుమ్రం భీమ్. జై ఆదివాసీ.